కమాండ్-లైన్ స్థితి సాధనాల్లో స్వయం నవీకరణ: రూపకల్పన సూత్రాలు, బాధ్యతలు

వ్యాస సంగ్రహం

ఒకసారి నడిచి, ఆ క్షణంలోని స్థితిని ముద్రించి ముగిసిపోయే కమాండ్-లైన్ సాధనానికి, నిర్ణీత వ్యవధిలో తనంతట తానే సమాచారాన్ని తాజాపరచే ఐచ్ఛికాన్ని చేర్చడం పైకి చిన్న మార్పుగా కనిపిస్తుంది. కాని ఆ ఒక్క మార్పుతో సాధనం స్వభావమే మారుతుంది. తెరను దిద్దే పద్ధతి, కాలాన్ని లెక్కించే పద్ధతి, కొలతను వ్యాఖ్యానించే పద్ధతి, ఉమ్మడి సర్వర్‌పై పడే భారం, విఫలమైనప్పుడు చూపవలసిన సమాచారం అనే అయిదు అంశాలను కొత్తగా ఆలోచించవలసి వస్తుంది. యూనిక్స్ సంప్రదాయంలోని వాచ్, టాప్, విఎమ్‌స్టాట్ ఆదేశాలను, పరిశోధన సంస్థల గణన కేంద్రాల్లో వాడే స్లర్మ్ వ్యవస్థలోని ఎస్‌క్యూ ఆదేశాన్ని ఉదాహరణలుగా తీసుకొని ఈ అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు లిపి టెర్మినల్ తెరపై కలిగించే వెడల్పు సమస్య కూడా ఇందులో చర్చకు వస్తుంది.

కీలక పదాలు: కమాండ్-లైన్, స్వయం నవీకరణ, టెర్మినల్, వ్యవధి, స్లర్మ్, తెలుగు లిపి, ఉమ్మడి వనరులు.

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్‌లో జరుగుతున్న పనిని తెలుసుకోవడానికి వాడే ఆదేశాలను స్థితి సాధనాలు అనవచ్చు. డిస్కులో మిగిలిన చోటు, నడుస్తున్న ప్రక్రియలు, గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఉష్ణోగ్రత, గణన కేంద్రంలో వరుసలో వేచి ఉన్న పనులు వంటి వివరాలను ఇవి చూపుతాయి. వీటిలో చాలావరకు ఒకసారి అడిగితే ఒకసారి చెప్పే స్వభావం గలవి. పని గంటల తరబడి సాగేటప్పుడు వినియోగదారుడు అదే ఆదేశాన్ని పదేపదే నడుపుతాడు. ఈ శ్రమను తప్పించడానికి సాధనంలోనే ఒక ఐచ్ఛికాన్ని చేర్చాలన్న ఆలోచన సహజంగా కలుగుతుంది.

దీనికి తోచే తొలి పరిష్కారం మూడు పంక్తుల ప్రోగ్రామ్: తెరను చెరపాలి, స్థితిని ముద్రించాలి, రెండు సెకన్లు ఆగాలి; ఇదే క్రమం మళ్ళీ మళ్ళీ సాగాలి. ఈ పరిష్కారం పనిచేస్తుంది. అయితే ఒక వ్యక్తి సొంత కంప్యూటర్‌లో పనిచేసినట్లు వందమంది పంచుకొనే యంత్రంపై పనిచేయదు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు పనిచేసినట్లు నెట్‌వర్క్ తెగినప్పుడు పనిచేయదు. ఈ రెండింటి మధ్య గల దూరమే ఈ వ్యాసానికి విషయం.

2. పూర్వరంగం: వెలుపలి చక్రం, లోపలి చక్రం

స్వయం నవీకరణకు రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది వెలుపలి చక్రం. ఒక ప్రత్యేక ఆదేశం మరో ఆదేశాన్ని నిర్ణీత వ్యవధిలో నడుపుతూ దాని ఫలితాన్ని తెరపై చూపుతుంది. 1991లో టోనీ రెమ్స్ రాసిన వాచ్ ఈ కోవకు చెందినది. ఏ వ్యవధీ పేర్కొనకపోతే అది రెండు సెకన్లకు ఒకసారి ఆదేశాన్ని నడుపుతుంది. గత ఫలితానికి, ప్రస్తుత ఫలితానికి గల తేడాలను గుర్తించి చూపగలదు. ఫలితం మారగానే ముగిసిపోగలదు.

రెండవది లోపలి చక్రం. 1984లో విలియం లెఫెవ్ర్ రాసిన టాప్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఎన్విడియా-ఎస్ఎంఐ, జీపీయూస్టాట్, స్లర్మ్‌లోని ఎస్‌క్యూ మొదలైనవి కూడా వ్యవధిని తెలిపే ఐచ్ఛికాన్ని తమలోనే ఇముడ్చుకున్నాయి.

ఒక్కో ప్రోగ్రామ్ ఒక్క పనిని చక్కగా చేయాలన్న యూనిక్స్ సూత్రాన్ని డగ్లస్ మెకిల్రాయ్ తదితరులు 1978లో క్రోడీకరించారు. ఆ సూత్రం ప్రకారం చూస్తే వాచ్ ఉండగా ప్రతి సాధనంలోనూ మరో చక్రం అనవసరం అనిపిస్తుంది. ఈ అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. లోపలి చక్రాన్ని చేర్చదలచినవారు, వెలుపలి చక్రం చేయలేని పని ఏదో ముందుగా నిరూపించుకోవలసి ఉంటుంది.

అటువంటి పనులు ప్రధానంగా నాలుగు. మొదటిది, వాచ్ కింద నడిచే ఆదేశం ఫలితం టెర్మినల్‌కు నేరుగా కాక పైప్ ద్వారా వెళ్తుంది. తన ఎదుట టెర్మినల్ లేదని గ్రహించిన సాధనం రంగులను, వెడల్పుకు తగిన అమరికను వదిలివేస్తుంది. రెండవది, ప్రతిసారీ కొత్త ప్రక్రియ పుడుతుంది కనుక సర్వర్‌తో అనుసంధానం, ధ్రువీకరణ మళ్ళీ మొదటినుంచి జరగాలి. మూడవది, గత కొలత జ్ఞాపకం లేని ప్రక్రియ మార్పు రేటును లెక్కించలేదు. నాలుగవది, ఎంత వ్యవధి సముచితమో వాచ్‌కు తెలియదు. అది సాధనం రచయితకు మాత్రమే తెలుస్తుంది. ఈ నాలుగింటిలో ఏదీ వర్తించని సాధనానికి లోపలి చక్రం అవసరం లేదు. దాని సహాయ పుటలో వాచ్‌ను సూచించడమే చాలు.

3. తెరను దిద్దే పద్ధతి

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1978లో విడుదల చేసిన వీటీ100 టెర్మినల్ ద్వారా ప్రచారం పొందిన నియంత్రణ సంకేతాలను నేటి టెర్మినల్ ప్రోగ్రామ్‌లు కూడా అనుసరిస్తున్నాయి. కర్సర్‌ను తెర మొదటికి తేవడం, పంక్తి చివరి వరకు చెరపడం, తెర చివరి వరకు చెరపడం అనేవి వీటిలో ముఖ్యమైనవి.

తెరను పూర్తిగా చెరిపి, ఆ తరువాత సమాచారం సేకరిస్తే, సేకరణకు పట్టే కాలమంతా తెర ఖాళీగా ఉంటుంది. ప్రతి ఆవృత్తిలోనూ కన్ను చెదిరే మినుకు ఏర్పడుతుంది. సరైన క్రమం దీనికి విరుద్ధమైనది. ముందుగా సమాచారాన్ని సేకరించాలి. ముద్రించవలసిన పాఠం మొత్తాన్ని స్మృతిలో కూర్చుకోవాలి. కర్సర్‌ను మొదటికి తెచ్చి పాత పాఠంపైనే కొత్త పాఠాన్ని రాయాలి. ప్రతి పంక్తి చివర మిగిలిన భాగాన్ని, ఆఖరున తెరలో మిగిలిన భాగాన్ని చెరపాలి. ఇదంతా ఒకే రాత క్రియగా టెర్మినల్‌కు పంపాలి. చెరపడం కాదు, పైన రాయడం అన్నది ఇక్కడి సూత్రం.

తెర అంతటినీ ఆక్రమించని మరో పద్ధతి కూడా ఉంది. విఎమ్‌స్టాట్ ప్రతి వ్యవధికి ఒక కొత్త పంక్తిని కిందికి చేరుస్తూ పోతుంది. ఎస్‌క్యూ కాలముద్రతో కూడిన కొత్త పట్టికను పాతదాని కింద ముద్రిస్తుంది. ఈ పద్ధతిలో చరిత్ర నిలుస్తుంది. ఫైలులో భద్రపరచడం సులువు. తెర చదివి వినిపించే సాధనాలపై ఆధారపడే దృష్టిలోపం గలవారికి కూడా, క్షణక్షణం మారిపోయే తెరకన్న ఇది అనుకూలం. కనుక ప్రస్తుత స్థితి మాత్రమే కావలసినచోట పైన రాయడాన్ని, మార్పుల క్రమం కావలసినచోట కిందికి చేర్చడాన్ని ఎంచుకోవడం ఉచితం.

4. తెలుగు లిపి - వెడల్పు సమస్య

పైన రాసే పద్ధతి ఒక ఊహపై ఆధారపడి ఉంది: ప్రతి పంక్తి తెరపై ఎన్ని గళ్ళు ఆక్రమిస్తుందో సాధనానికి తెలుసు. రోమన్ అక్షరాల విషయంలో ఇది నిజం. తెలుగు విషయంలో కాదు.

‘స్త్రీ’ అనే పదాన్ని పరిశీలించవచ్చు. చదువరి దృష్టిలో అది ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకార గుర్తు అనే ఆరు సంకేతాల కూర్పు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున మొత్తం పద్దెనిమిది బైట్లు. గళ్ళ వెడల్పును లెక్కించే ప్రామాణిక ప్రమేయం హల్లులకు ఒక్కో గడి, పొల్లుకు, ఈకార గుర్తుకు సున్నా చొప్పున లెక్కించి మూడు గళ్ళు అని చెబుతుంది. అంటే ఒకే పదానికి ఒకటి, మూడు, ఆరు, పద్దెనిమిది అనే నాలుగు పొడవులు ఉన్నాయి. గుణింతపు గుర్తులన్నీ ఒక తీరుగా కూడా ఉండవు. ఇకార, ఈకార గుర్తులు వెడల్పు లేని వర్గానికి చెందగా, ఉకార, ఊకార గుర్తులు వెడల్పు గల వర్గానికి చెందుతాయి.

ఒకసారి ముద్రించి ముగిసే సాధనంలో ఈ తేడా వల్ల పట్టిక నిలువు వరుసలు కొంచెం వంకర పోతాయి. అంతకు మించిన నష్టం లేదు. స్వయం నవీకరణలో నష్టం పెరుగుతుంది. అంచనాకన్న పొడవైన పంక్తి మడతపడి రెండు పంక్తులైతే, కర్సర్ ఎన్ని పంక్తులు పైకి వెళ్ళాలన్న లెక్క తప్పుతుంది. ప్రతి ఆవృత్తిలోనూ పాత పాఠం ముక్కలు తెరపై పేరుకుపోతాయి. దీనికి మూడు జాగ్రత్తలు చెప్పవచ్చు. వెడల్పును బైట్లతో గాని సంకేతాల సంఖ్యతో గాని లెక్కించకూడదు. తెలుగు ఫైలు పేర్లు, పనుల పేర్లు రాగల నిలువు వరుసను పట్టికలో చివర ఉంచాలి. పంక్తులు లెక్కించి పైకి వెళ్ళడం కన్న తెర మొదటి గడికి నేరుగా వెళ్ళడం మేలు.

5. కాలాన్ని లెక్కించే పద్ధతి

రెండు సెకన్ల వ్యవధి అన్నప్పుడు దాని అర్థం రెండు విధాలుగా ఉంటుంది. ఒక ఆవృత్తి ముగిసిన రెండు సెకన్లకు మరొకటి మొదలుకావడం ఒకటి. ఒక ఆరంభానికి మరో ఆరంభానికి మధ్య రెండు సెకన్లు ఉండటం మరొకటి. సమాచార సేకరణకు 0.4 సెకను పడుతుందనుకుంటే మొదటి అర్థంలో అసలు వ్యవధి 2.4 సెకన్లు అవుతుంది. గంటకు 1,800 కొలతలు రావలసిన చోట 1,500 మాత్రమే వస్తాయి. కంటితో చూసేవారికి ఈ తేడా పట్టదు. కొలతలను ఫైలులోకి పంపి గ్రాఫు గీసే పరిశోధకునికి మాత్రం ప్రతి గంటకూ 300 కొలతల లోటు కలుగుతుంది. వాచ్‌లో కచ్చితత్వాన్ని కోరే ప్రత్యేక ఐచ్ఛికం ఉండటానికి కారణం ఇదే.

రెండవ అర్థాన్ని పాటించడానికి తరువాతి ఆరంభ క్షణాన్ని ముందే నిర్ణయించుకొని, అప్పటి వరకు మాత్రమే ఆగాలి. ఇందుకు గోడ గడియారాన్ని నమ్మకూడదు. నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసినప్పుడు అది ముందుకో వెనక్కో దూకవచ్చు. ఎప్పుడూ ముందుకే సాగే ఏకదిశా గడియారాన్ని లినక్స్ అందిస్తుంది. ఒక సేకరణకు వ్యవధికన్న ఎక్కువ కాలం పడితే, తప్పిపోయిన ఆవృత్తులను వదిలివేయాలి తప్ప వరుసగా నడిపి బాకీ తీర్చకూడదు. సర్వర్ నెమ్మదించినప్పుడు బాకీ తీర్చే ప్రయత్నం దాన్ని మరింత నెమ్మదింపజేస్తుంది.

6. కొలతను వ్యాఖ్యానించే పద్ధతి

స్థితి సాధనాలు చూపే సంఖ్యలు రెండు జాతులు. మిగిలిన స్మృతి, ఉష్ణోగ్రత వంటివి క్షణిక విలువలు. ప్రాసెసర్ వినియోగం, నెట్‌వర్క్ వేగం వంటివి రెండు క్షణాల మధ్య మార్పును బట్టి లెక్కించే రేట్లు. లినక్స్ కెర్నెల్ ప్రాసెసర్ వినియోగాన్ని శాతంగా చెప్పదు. యంత్రం ఆరంభమైనప్పటి నుంచి పోగైన కాలాన్ని మాత్రమే చెబుతుంది. రెండు పఠనాల మధ్య మొత్తం 200 టిక్కులు గడిచి, అందులో 150 టిక్కులు పనిలో గడిస్తే వినియోగం 75 శాతం అవుతుంది.

దీని నుంచి ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. మొదటి ఆవృత్తిలో రేటు అనేది ఉండదు. విఎమ్‌స్టాట్ తన మొదటి పంక్తిలో యంత్రం ఆరంభం నుంచి నేటి వరకు గల సగటును చూపుతుంది. తరువాతి పంక్తులే వ్యవధికి సంబంధించినవి. ఈ భేదం తెలియని విద్యార్థి మొదటి పంక్తిని ప్రస్తుత స్థితిగా భావించే ప్రమాదం ఉంది. కొత్తగా రూపొందించే సాధనంలో మొదటి ఆవృత్తిలో ఆ గడిని ఖాళీగా ఉంచడం నిజాయితీ గల పద్ధతి.

రేటును లెక్కించేటప్పుడు కోరిన వ్యవధితో కాక, నిజంగా గడిచిన కాలంతో భాగించాలి. 2.4 సెకన్లలో 1,200 కిలోబైట్లు వస్తే వేగం సెకనుకు 500 కిలోబైట్లు. రెండుతో భాగిస్తే 600 అని వస్తుంది. ఇది 20 శాతం ఎక్కువ. మరొక పరిమితి కూడా ఉంది. వ్యవధికన్న తక్కువ కాలం జీవించే ప్రక్రియ రెండు పఠనాల నడుమ పుట్టి ముగిసిపోవచ్చు. తెర తరచుగా మారుతున్నంత మాత్రాన అది జరిగినదంతా చూపుతున్నట్లు కాదు.

7. ఉమ్మడి యంత్రంపై భారం

జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ 2015లో ఆరంభమైన తరువాత ఐఐటీ హైదరాబాదులోని పరమ్ సేవ వంటి వ్యవస్థలు మన విద్యాసంస్థల్లోకి వచ్చాయి. ఇటువంటి కేంద్రాల్లో పరిశోధకులు తమ గణనను వరుసలో ఉంచి వేచి ఉంటారు. ప్రపంచవ్యాప్తంగా ఈ వరుసలను నిర్వహించడానికి విరివిగా వాడే వ్యవస్థ స్లర్మ్. వరుస స్థితిని చెప్పే ఎస్‌క్యూ ఆదేశం నడిచిన ప్రతిసారీ కేంద్ర నియంత్రణ ప్రక్రియకు ఒక అభ్యర్థన వెళ్తుంది. పనులను వరుసలో చేర్చుకోవడం, యంత్రాలను కేటాయించడం కూడా ఆ ప్రక్రియ బాధ్యతే.

వందమంది పరిశోధకులు రెండు సెకన్ల వ్యవధితో వరుసను గమనిస్తున్నారనుకుంటే సెకనుకు 50 అభ్యర్థనలు, రోజుకు 43.2 లక్షల అభ్యర్థనలు అవుతాయి. వ్యవధిని 30 సెకన్లు చేస్తే ఆ సంఖ్య రోజుకు 2.88 లక్షలకు తగ్గుతుంది. గంటల తరబడి నడిచే పని విషయంలో ఈ మార్పు వల్ల చూసేవారికి కలిగే నష్టం ఏమీ లేదు. అభ్యర్థనలు మితిమీరితే నియంత్రణ ప్రక్రియ పనితీరు దెబ్బతిని, సేవ నిలిచిపోవచ్చని, అందువల్ల చక్రాలలో ఈ ఆదేశాలను నడపవద్దని స్లర్మ్ అధికారిక పత్రాలు హెచ్చరిస్తున్నాయి. 2023లో విడుదలైన 23.02 సంచికలో ఒక్కో వినియోగదారుని అభ్యర్థనలను పరిమితం చేసే ఏర్పాటు కూడా చేరింది. తన పని ఎప్పుడు మొదలవుతుందో చూడాలన్న ఆత్రుత, అందరి పనులనూ ఆలస్యం చేసే స్థితికి దారితీయగలదన్నమాట.

ఈ కారణంగా వ్యవధి నిర్ణయం వినియోగదారునికి మాత్రమే వదలదగినది కాదు. సొంత యంత్రం గురించి చెప్పే సాధనానికి రెండు సెకన్లు సమంజసం. సర్వర్‌ను అడిగే సాధనానికి ముప్పై సెకన్లు లేదా అంతకుమించిన డిఫాల్ట్ వ్యవధి, అంతకు దిగువన దాటరాని కనిష్ఠ పరిమితి అవసరం. అభ్యర్థన విఫలమైనప్పుడు వ్యవధిని రెట్టింపు చేస్తూ పోవాలి. సాధ్యమైనచోట అడగడం మాని, మార్పు జరిగినప్పుడు కబురందుకొనే పద్ధతిని అనుసరించాలి. కుబెర్నెటీస్‌లో కమాండ్-లైన్ సాధనం ఒకసారి జాబితా తెచ్చుకొని, ఆపై మార్పులను మాత్రమే సర్వర్ నుంచి అందుకోగలదు. లినక్స్‌లో 2005 నుంచి ఉన్న ఐనోటిఫై ఫైళ్ళ విషయంలో ఇదే పని చేస్తుంది. అయితే నెట్‌వర్క్ ఫైలు వ్యవస్థలో వేరే యంత్రం చేసిన మార్పులు దానికి తెలియవు కనుక అక్కడ అడగక తప్పదు.

8. విఫలమైనప్పుడు చూపవలసినది

ఒకసారి నడిచే సాధనం విఫలమైతే దోష సందేశం ఇచ్చి ముగుస్తుంది. చక్రంలో నడిచే సాధనం ఎదుట మూడు మార్గాలు ఉంటాయి: ముగిసిపోవడం, తెరను ఖాళీ చేయడం, చివరిసారి అందిన సమాచారాన్ని అలాగే ఉంచడం. చూడటానికి మూడవది సౌకర్యంగా ఉంటుంది. కాని అత్యంత ప్రమాదకరమైనదీ అదే. ఒక పరిశోధకుని గణన రాత్రి రెండు గంటలకు ఆగిపోయి, అంతకు ముందే నెట్‌వర్క్ తెగిపోయి ఉంటే, ఉదయం వరకు తెర ‘నడుస్తున్నది’ అనే చూపుతుంది. కేటాయించిన కాలం గడిచిపోయిన తరువాతగాని నిజం తెలియదు. ఒకసారి ముద్రించిన ఫలితాన్ని చదువరి పాతదిగానే భావిస్తాడు. తనంతట తాను మారే తెరను ఎప్పుడూ తాజాదిగా నమ్ముతాడు. స్వయం నవీకరణ ఈ నమ్మకాన్ని సృష్టిస్తుంది కనుక దాన్ని కాపాడే బాధ్యత కూడా దానిదే.

అందువల్ల పాత సమాచారాన్ని ఉంచినా, అది అందిన సమయాన్ని, గడిచిన కాలాన్ని, దోష కారణాన్ని పై పంక్తిలో స్పష్టంగా చూపాలి. ఆ పంక్తిలో ఉండవలసినది తెర గీసిన సమయం కాదు, సమాచారం పుట్టిన సమయం. ఈ రెండూ ఒకటే అన్న భ్రమ వల్ల చాలా సాధనాల్లో గడియారం కదులుతూనే ఉంటుంది, సమాచారం మాత్రం నిలిచిపోయి ఉంటుంది. భేదాన్ని రంగుతో మాత్రమే సూచించడం చాలదు. రంగులు గుర్తించలేనివారికి, రంగులేని టెర్మినళ్ళకు మాటతో చెప్పాలి.

9. ప్రవేశం, నిష్క్రమణ

ఐచ్ఛికం చేర్చినా సాధనం సహజ ప్రవర్తన మారకూడదు. ఒకసారి ముద్రించి ముగుస్తుందన్న నమ్మకంతో ఎందరో రాసుకున్న స్క్రిప్టులు ఆగిపోతాయి. ఫలితం టెర్మినల్‌కు కాక ఫైలుకో పైప్‌కో వెళ్తుంటే నియంత్రణ సంకేతాలు పంపకూడదు. కాలముద్రతో కిందికి చేర్చే పద్ధతికి మారాలి. వ్యవధి సంఖ్యను ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు అన్న ఐచ్ఛికాలు, పక్కనున్న సంఖ్య వ్యవధా లేక మరో వివరమా అన్న సందిగ్ధతను తెస్తాయి. కనుక సంఖ్యను తప్పనిసరి చేయడం మేలు.

చక్రం సాధారణంగా కంట్రోల్-సి మీటతోనే ముగుస్తుంది. కనుక అది దోషం కాదు, సహజ నిష్క్రమణ. ముగిసే ముందు దాచిన కర్సర్‌ను తిరిగి చూపాలి, మార్చిన టెర్మినల్ అమరికలను పూర్వస్థితికి తేవాలి. కంట్రోల్-జెడ్ మీటతో తాత్కాలికంగా ఆపినప్పుడు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. తెర పరిమాణం మారినట్లు సంకేతం అందితే వ్యవధి కోసం ఆగకుండా చేతిలోని సమాచారంతోనే తిరిగి గీయాలి. అందుకోసం సర్వర్‌ను మళ్ళీ అడగనక్కరలేదు. సమాచార సేకరణ, తెర చిత్రణ వేర్వేరు పనులుగా ఉన్న ప్రోగ్రామ్‌లోనే ఇది సాధ్యపడుతుంది.

10. ముగింపు

పై చర్చను బట్టి, స్వయం నవీకరణ అనేది ఆదేశాన్ని మళ్ళీ మళ్ళీ నడిపే సౌకర్యం మాత్రమే కాదని తేలుతుంది. వాచ్ చేయలేని పని ఉన్నప్పుడే దాన్ని సాధనంలో చేర్చాలి. ముందు సేకరించి తరువాత గీయాలి. తెలుగు వంటి లిపుల వెడల్పును ఊహించకుండా అమరికను రూపొందించాలి. గడిచిన నిజకాలంతోనే రేట్లను లెక్కించాలి. సర్వర్‌ను అడిగే సాధనాలకు దీర్ఘ వ్యవధి, కనిష్ఠ పరిమితి ఉండాలి. సమాచారం వయస్సును దాచకూడదు. పరిశోధన కేంద్రాల్లో సొంత అవసరాలకు చిన్న చిన్న సాధనాలు రాసుకొనే అధ్యాపకులు, పరిశోధకులు ఈ నియమాలను మొదటి నుంచీ పాటిస్తే, ఒకరి తెర తాజాదనానికి అందరూ మూల్యం చెల్లించే పరిస్థితి రాదు. తెరపై కనిపించే ప్రతి అంకె ఏ క్షణానికి చెందినదో చూసేవారికి తెలుస్తుంది.